అడగడానికీ అడుక్కోవడానికీ మధ్య

లాటిన్‌లో అడగడానికి ఒక్క క్రియ చాలదు. "రోగో" అంటే మామూలుగా అడగడం. "పేతో" అంటే ఫలానాది కావాలని అడగడం; దాని మొదటి అర్థం ఒకదాని వైపు వెళ్ళడం, గురిపెట్టడం, మీదపడటం కూడా. "క్వైరో" అంటే వెతకడం, తెలియని సంగతి అడిగి తెలుసుకోవడం. "పోస్కో" అంటే రావలసింది ఇమ్మనడం (మన చెవికి ఎవరో గ్లాసు చూపించి పోసుకోమన్నట్టు వినిపిస్తుంది గానీ). "పోస్తులో" అంటే న్యాయప్రకారం ఇది నాకు రావాలి అనడం. అది కోర్టుల్లో తిరిగిన మాట. "ఓరో", "ప్రెకోర్" దేవుడి ముందూ, దేవుడిలాంటి మనిషి ముందూ వాడేవి. "పెర్కోంతోర్" అంటే లోతుకి వెళ్ళి ఆరా తీయడం. పడవవాళ్ళు నీటి లోతు చూడ్డానికి దించే గెడని "కోంతుస్" అనేవాళ్ళు, ఈ మాట దాన్నించి వచ్చిందని చెప్తారు. గోదావరి మీద పడవ ఎక్కినవాళ్ళకి ఈ వ్యుత్పత్తి విడమర్చక్కర్లేదు.

చివరగా "ఫ్లాగితో". నలుగురూ చూస్తుండగా, గొంతెత్తి, ఇచ్చేదాకా వదలకుండా అడగడం. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను. ఈ వ్యాసం అసలు దానికోసమే.

ఇన్ని క్రియలున్న భాష పక్కన తెలుగుని పెడితే మొదట కొంచెం బెంగ కలుగుతుంది. మనకి "అడుగు" ఉంది. మంచినీళ్ళు అడుగుతాం, దారి అడుగుతాం, అప్పు అడుగుతాం, పిల్లనడుగుతాం, ఓటు అడుగుతాం, లెక్క అడుగుతాం. ఊరికి వెళ్తున్న స్నేహితుడితో "మీ అమ్మగారిని అడిగానని చెప్పు" అంటాం. అక్కడ అడిగేది ఏమీ లేదు, అభిమానం తప్ప. కావాలని అడగడం, తెలియక అడగడం, ప్రేమగా అడగడం, కాలర్ పట్టుకుని అడగడం, అన్నిటికీ అదే మాట. వాక్యం కట్టే తీరు కూడా ఒకటే: "నన్ను పేరు అడిగాడు", "నన్ను డబ్బులు అడిగాడు". మనిషీ, వస్తువూ రెండూ కర్మలే. తమాషా ఏంటంటే లాటిన్ "రోగో", "పోస్కో", "ఫ్లాగితో" కూడా సరిగ్గా ఇలాగే రెండు కర్మలు తీసుకుంటాయి. లాటిన్ నేర్చుకునే ఇంగ్లిషు పిల్లలు బట్టీపట్టే ఈ నియమం తెలుగు పిల్లాడికి పాలతో వచ్చినది.

మనకి వేరే మాటలు లేవని కాదు. వేడు, కోరు, అర్థించు, యాచించు, బతిమాలు, ప్రాధేయపడు, వాకబు చేయు, ఆరా తీయు, ప్రశ్నించు, విచారించు, నిలదీయు, నిగ్గదీయు. నిఘంటువు తెరిస్తే లాటిన్‌కి తీసిపోం. కానీ ఈ మాటల మధ్య గీత ఎక్కడ ఉందన్నదే నాకు ఆసక్తి. లాటిన్‌లో ఆ గీత ధాతువులో ఉంటుంది. తెలుగులో అది చాలాసార్లు మాట తోకలో ఉంటుంది. ఆ తోక పేరు "కొను".

"అడుగు"కి "కొను" చేర్చండి. అడుక్కొను. అడిగేవాడి చేతిలోకి బొచ్చె వచ్చేసింది. "కొను"కి వ్యాకరణంలో ఉన్న అర్థం అమాయకమైనదే. పని ఫలితం చేసేవాడికే చెందుతుందని చెప్తుంది, ఆత్మార్థకం అంటారు. వండుకున్నాడు, కట్టుకున్నాడు, తెలుసుకున్నాడు అన్నప్పుడు అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఎదురుగా పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు అదే "కొను" నడుము వంచుతుంది. వేడుకొను, మొరపెట్టుకొను, విన్నవించుకొను, మనవి చేసుకొను, దరఖాస్తు పెట్టుకొను. ఇప్పుడు రెండో వరస చూడండి: నిలదీయు, నిగ్గదీయు, ప్రశ్నించు, దబాయించు, డిమాండ్ చేయు. వీటికి "కొను" తగిలించి చూడండి. "నిలదీసుకున్నాడు" అని ఎవరూ అనరు. "డిమాండ్ చేసుకున్నారు" అంటే నవ్వొస్తుంది. కిందనుంచి పైకి వెళ్ళే అడగడానికి తోక ఉంటుంది, సమానంగా నిలబడి అడిగేదానికి ఉండదు.

మినహాయింపులు లేకపోలేదు. "వేడు" ఒంటరిగానూ ఉంటుంది, "కనుక్కొను"లో ఏ వినయమూ లేదు. "కోరు" మరీ చిత్రం. "కోరుతున్నాం" అంటే కరపత్రం, "కోరుకుంటున్నాం" అంటే పుట్టినరోజు కార్డు. కానీ మాట్లాడే జనానికి ఈ తేడా ఎంత బాగా తెలుసో ఏ ధర్నాలో నిలబడ్డా వినపడుతుంది. "అడుక్కోవట్లేదు, అడుగుతున్నాం" అంటారు. ధాతువు అదే, తోక తీసేశారంతే. వాళ్ళ రాజకీయమంతా ఆ తీసేయడంలో ఉంది.

మాది సత్తుపల్లి వైపు. ఒకపక్క ఆంధ్రా సరిహద్దు, ఇంకోపక్క దమ్మపేట, అశ్వారావుపేటల మీదుగా భద్రాచలం దిక్కుకి పోయే అడవి. ఈ ప్రాంతంలో అడగడం అనే పని ఎక్కువగా కాగితం మీద జరుగుతుంది. పట్టా కోసం, పింఛను కోసం, బొగ్గు గని కింద పోయిన భూమి పరిహారం కోసం, పోడు చేసుకుంటున్న చెక్క కోసం. ఊళ్ళో చదువుకున్నవాడంటే కాగితం రాసిపెట్టేవాడని లెక్క కాబట్టి సెలవులకి వెళ్ళినప్పుడల్లా నేనూ కొన్ని రాశాను. వాటి మొదటి వాక్యం ఎవరు రాసినా ఒకటే: "అయ్యా, నేను మీకు విన్నవించుకొనునది ఏమనగా". ఒకసారి ఒక పెద్దమ్మ కోసం రాస్తూ ఆ వాక్యం వదిలేసి నేరుగా సంగతిలోకి వెళ్ళాను. చదివి వినిపిస్తే ఆమె ఒప్పుకోలేదు. "కాస్త మెత్తగా రాయి బాబూ. గట్టిగా రాస్తే ఆ సారుకి కోపమొస్తది" అంది. ఆమెకి నాకన్నా బాగా తెలుసు, ఆ కాగితం చదివేది చట్టం కాదు, మనిషి అని.

ఆ కాగితం వెనక ఉన్న చట్టం ఏమంటుందో చూస్తే తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో ఉంటున్న ఆదివాసులకి కొత్తగా ఏదో దయచేసే చట్టం కాదు. 2005 డిసెంబరు 13కి ముందునుంచీ సాగులో ఉన్నవాళ్ళకి హక్కు ఇదివరకే ఉందని, వాళ్ళకి చారిత్రకంగా అన్యాయం జరిగిందని, ఇప్పుడు దాన్ని గుర్తిస్తున్నామని చెప్తుంది. అందుకే ఆ ఫారానికి పెట్టిన పేరు క్లెయిమ్. ఇంగ్లిషు "క్లెయిమ్" లాటిన్ "క్లామారె" నుంచి వచ్చింది. క్లామారె అంటే అరవడం, కేకపెట్టడం. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఒకటుంది: మొర. అదీ అరుపే. రెండు భాషల్లోనూ అన్యాయం జరిగిన మనిషి నోటినుంచి మొదట వచ్చింది ఒకే కేక. ఒకచోట ఆ కేక కోర్టు మెట్లెక్కి హక్కు అయింది. మనదగ్గర దానికి "పెట్టుకొను" తగిలి వేడుకోలయింది. 2021 చివర్లో తెలంగాణలో పోడు భూముల క్లెయిమ్‌లు తీసుకున్నప్పుడు ఊళ్ళలో అందరి నోటా ఒకటే మాట: దరఖాస్తు పెట్టుకున్నావా? చట్టం "గుర్తిస్తాం" అంటోంది, భాష "ఇప్పించండి" అంటోంది. ఇన్సూరెన్స్‌వాళ్ళు సైతం మనచేత క్లెయిమ్ "చేసుకోమంటారు".

ఇదే నేల మీద, ఇదే రెవెన్యూ కొలువులో, మూడున్నర శతాబ్దాల కింద ఒకాయన ఈ వినయానికి అవతలికి నడిచాడు. ఆయన పాటల్ని ఇప్పటికీ మనం సరిగ్గా ఆ చోటే మెత్తబరిచి చదువుతున్నామన్నది నా ఫిర్యాదు.

కంచెర్ల గోపన్నది నేలకొండపల్లి. ఖమ్మం జిల్లావాడే. అబుల్ హసన్ కుతుబ్‌షా, మనం తానీషా అనే ఆయన, 1672 నుంచి 1687 వరకు గోల్కొండ ఏలాడు. ఆయన కొలువులో గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దారు. "తహసీల్" అంటే వసూలు. వసూలైన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. ఖజానా లెక్క అడిగింది. గోల్కొండ చెరలో పెట్టారు. పన్నెండేళ్ళని సంప్రదాయం చెప్తుంది. మనం రామదాసు అని పిలిచే కవి ఈ లెక్కల మనిషే. రోమ్‌లో ఖజానా అధికారిని "క్వైస్తోర్" అనేవాళ్ళు, "క్వైరో" నుంచి, అంటే విచారించేవాడు అని. గోపన్న విచారించే ఉద్యోగంలో చేరి విచారణకి గురైన మనిషి.

ఆయన కీర్తనల్లో అడగడం ఎన్ని రకాలుగా ఉందో చూడండి. 'నను బ్రోవమని చెప్పవే' పాట రాముణ్ణి అడగదు, సీతమ్మని అడుగుతుంది. ఆయన ఏకాంతంలో ఉన్నప్పుడు, మంచి మాట చూసుకుని, నా సంగతి ఎత్తమని. ఇది సిఫారసు. ఆఫీసు చుట్టూ తిరిగిన ప్రతివాడికీ తెలిసిన పద్ధతి, నేరుగా అడిగే ధైర్యమో అవకాశమో లేనప్పుడు లోపలి మనిషిని పట్టుకోవడం. ఇంకొన్ని పాటల్లో అసలు జవాబే రావట్లేదని బాధ. ఇక 'ఇక్ష్వాకు కులతిలక' దగ్గరికి వచ్చేసరికి తోక తెగిపోతుంది.

ఆ పాట ఒక ఖర్చుల పట్టీ. గోపురాలు, ప్రాకారాలు. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకి చింతాకు పతకం. ఒక్కోదానికి పదేసి వేలు, వరహాల్లోనో మొహరీల్లోనో. పేరు, వస్తువు, ఖరీదు. తర్వాత ప్రశ్న వస్తుంది: నువ్వు తిరుగుతున్నది ఎవరి సొమ్ముతో? నీ తండ్రి వైపునుంచి వచ్చిందా, నీ మామ వైపునుంచి వచ్చిందా? ఒక రెవెన్యూ అధికారి ఇంకొకరి ఖాతా తెరిచి అడిగే ప్రశ్న ఇది. గోల్కొండ తనని ఏ భాషలో అడుగుతోందో, ఆ భాషనే గోపన్న ఒక మెట్టు పైకి పంపించాడు. కింద తను బాకీదారు, పైకి తిరిగితే అప్పు వసూలు చేసేవాడు. పాట చివర మళ్ళీ దిగుతాడు. దెబ్బలకి ఓర్వలేక తిట్టానని, మనసులో పెట్టుకోవద్దని అంటాడు.

మన విమర్శ దీన్ని "నిందాస్తుతి" అనే పెట్టెలో వేసి మూత పెట్టేసింది. ఆ పెట్టెలో న్యాయంగా ఉండాల్సింది కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం. అక్కడ నింద ఒక చమత్కారం. పైకి ఎత్తిపొడుపు, లోపల పొగడ్త, చదివేవాడు ఆ మెలిక విప్పి ఆనందిస్తాడు. రామదాసు పాటలో విప్పడానికి మెలిక ఏది? పతకం ఖరీదు నిజంగా పదివేలు. ఆ డబ్బు నిజంగా ఖజానాది. దెబ్బలు నిజంగా దెబ్బలు. నింద ఇక్కడ నిందే. దాన్ని స్తుతికి మారుపేరుగా చదివామంటే, అయ్యా విన్నవించుకొనునది ఏమనగా అని మనమే పాట మొదట్లో చేర్చి చదువుతున్నట్టు.

ఇక్కడ "ఫ్లాగితో" పనికొస్తుంది. రోమ్‌లో దీనికి ఒక ఆచారం ఉండేది. బాకీ ఎగ్గొట్టినవాణ్ణి వీధిలోనో వాడి గుమ్మం ముందో చుట్టుముట్టి, నా సొమ్ము నాకివ్వమని అందరూ వినేలా పదేపదే అరవడం. కోర్టుకి వెళ్ళే స్తోమత లేనివాడి కోర్టు అది. 1901లో హెర్మన్ ఉసెనెర్ అనే జర్మన్ పండితుడు దీన్ని ఇటలీ ప్రజల సొంత న్యాయపద్ధతిగా వివరించాడు. క్రీ.పూ. 1వ శతాబ్దపు కవి కాతుల్లుస్ 42వ కవిత ఈ ఆచారాన్నే పద్యంగా మార్చింది. ఒకామె తన రాత పలకలు తిరిగివ్వట్లేదని, తన పద్యపాదాలన్నిటినీ గుంపుగా పిలిచి, ఆమెని చుట్టుముట్టి అరవమంటాడు. ఎంత అరిచినా ఆమె చలించకపోయేసరికి చివర్లో దారి మార్చి మర్యాద మాటలతో అడుగుతాడు.

రెండు పాటల నడకా ఒకటే. వస్తువు పేరు, అరుపు, చివర్లో గొంతు తగ్గించడం. కానీ కాతుల్లుస్ గొంతు తగ్గించడం వెక్కిరింత. పోయినవి పలకలు, మహా అయితే పరువు. గోపన్న గొంతు తగ్గేది ఒళ్ళు నొప్పితో. పైగా కాతుల్లుస్ చుట్టూ ఒక వీధి ఉంది, వినేవాళ్ళున్నారు. చెరసాలలో ఉన్నవాడికి నలుగురు ఎక్కడనుంచి వస్తారు? అందుకే నాకనిపిస్తుంది, ఆ పాటలో రామలక్ష్మణభరతశత్రుఘ్నులు, సీతమ్మ, తండ్రి, మామ అందరూ పేరుపేరునా రావడం ఊరికే కాదు. బాకీదారుడి ఇంటిల్లిపాదినీ పిలిచి, వాళ్ళముందు అడుగుతున్నాడు. వీధి లేనివాడు కుటుంబాన్నే వీధి చేసుకున్నాడు. ఆ తర్వాత భజన గుంపులు ఆ పాట ఎత్తుకున్నాయి కాబట్టి కావలసిన నలుగురూ ఆలస్యంగానైనా వచ్చారు.

మనదేశంలో ఈ ఆచారానికి పేరు లేదనుకోకండి. ఉంది, ఇందాకే వాడాను: ధర్నా. ధర్నా అంటే మొదట్లో కలెక్టరాఫీసు ముందు టెంటు కాదు. అప్పు తీర్చనివాడి గుమ్మం ముందు తిండి మాని కూర్చోవడం. కూర్చున్నవాడికి ఏమైనా అయితే ఆ పాపం ఇంటివాడిది. బ్రిటిష్‌వాళ్ళకి ఇది ఎంత ఇబ్బంది పెట్టిందంటే 1860 శిక్షాస్మృతిలో 508వ సెక్షన్ పెట్టారు: దైవాగ్రహం కలుగుతుందని నమ్మించి ఎదుటివాడిచేత పని చేయించడం నేరం. దానికింద ఇచ్చిన మొదటి ఉదాహరణ ధర్నానే. రామదాసు చేసింది ఇదే పని, ఒక అందమైన ఇబ్బందితో. దేవుడికి కోపం వస్తుందని దేవుణ్ణెలా బెదిరిస్తాం? ఇక మిగిలింది లెక్క ఒక్కటే. అందుకే పట్టీ చదివాడు.

అడగడానికి ఇంకో వైపు కూడా ఉంది, పైవాడు కిందివాణ్ణి అడగడం. అక్కడ మన మాట "విచారించు". సంస్కృతంలో విచారం అంటే ఆలోచన. తెలుగులోకి వచ్చి అది ఆరా అయింది, కోర్టు విచారణ అయింది, దుఃఖమూ అయింది. లాటిన్ "క్వైరో"కీ ఇదే గతి పట్టింది. దాన్నించి పుట్టిన "క్వైస్తియో" అంటే ప్రశ్న, విచారణ, చివరికి చిత్రహింస కూడా. రోమన్ కోర్టుల్లో బానిసల సాక్ష్యం హింసపెట్టి తీసుకునేవాళ్ళు, ఆ పనికి వేరే మాట అవసరం పడలేదు. 2015లో వెట్రిమారన్ తీసిన తమిళ సినిమా పేరు 'విసారణై'. ఎం. చంద్రకుమార్ గుంటూరు పోలీసుల చేతిలో తను పడినదాన్ని రాసిన నవల దానికి ఆధారం. ఆ పేరుని తెలుగు చేయాల్సిన అవసరం లేదు, అదే మాట, అదే లాకప్. పైనుంచి అడగడానికి దెబ్బ ఉంది, కిందనుంచి అడగడానికి వంగిన నడుము ఉంది. గోపన్న ఈ రెండిటి మధ్యా ఇరుక్కున్న మనిషి కాబట్టే ఆ పాట అంత నిజంగా వినిపిస్తుంది.

అయితే పైవాడు నిజంగా కిందికి దిగి అడిగే సందర్భం ఒకటుంది, ఎన్నికలు. రోమ్‌లో పదవికి పోటీ చేసేవాణ్ణి "పెతీతోర్" అనేవాళ్ళు, "పేతో" నుంచి. మనం "అభ్యర్థి" అంటాం. ధాతువులు చూస్తే రెండింటి అర్థమూ అడిగేవాడే. చట్టం చేయాలన్నా అంతే. అధికారి జనసభ ముందు నిలబడి ప్రతిపాదన "అడిగేవాడు", దాన్ని "రొగాతియో" అనేవాళ్ళు. ఒప్పుకున్నవాళ్ళు పలక మీద "వి" అక్షరంతో ఓటు వేసేవాళ్ళు, నువ్వు అడిగినట్టే కానీ అని అర్థం. అంటే చట్టం ఒక ప్రశ్నగా మొదలయ్యేది, జవాబు చెప్పే చోట జనం ఉండేవాళ్ళు. మా వైపు ఎన్నికలప్పుడు ముసలివాళ్ళు "ఓట్లడుక్కోడానికి వచ్చారు" అంటారు. వ్యాకరణం ఆ నాలుగు వారాలు న్యాయం చేస్తుంది. "కొను" కుర్చీ మారుతుంది.

మిగతా ఐదేళ్ళకి మనకి మళ్ళీ పాత వాక్యమే. 2005 సమాచార హక్కు చట్టంలో నాకు బాగా నచ్చే చోటు 6వ సెక్షన్. అడిగేవాడు ఎందుకు అడుగుతున్నాడో కారణం చెప్పనక్కర్లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకని అడగకూడని అడగడం మన చట్టాల్లో అరుదు. కానీ ఆ కాగితాలు కూడా మా వైపు చాలామంది "మనవి చేసుకొనునది" అనే మొదలుపెడతారు. వాళ్ళని తప్పుపట్టను. మెత్తగా రాయమన్న పెద్దమ్మ లెక్క ఆమెకి ఉంది. ఆ మెత్తదనాన్నే సాహిత్యంలోకి తెచ్చి, అడిగినవాడి పాటని కూడా అడుక్కున్న పాటగా చదివే మన అలవాటుతోనే నా పేచీ.

"అడిగే దిక్కు లేదు" అని తెలుగులో ఒక మాట ఉంది. అనాథ గురించి అంటే బాగోగులు పట్టించుకునేవాళ్ళు లేరని. అధికారి గురించి అంటే లెక్క అడిగేవాళ్ళు లేరని. ఒకే మాట, ఇద్దరికీ సరిపోతుంది. లాటిన్‌లో దీనికి రెండు క్రియలు కావాలి, తెలుగులో ఒకటే చాలడం పేదరికం అని నేననుకోను. పట్టించుకోవడమూ లెక్క అడగడమూ ఒకే పని అని మన భాషకి తెలుసు. రామదాసుకీ తెలుసు. ఆయన రాముణ్ణి లెక్క అడిగింది పరాయివాడనుకుని కాదు.

జవాబు వచ్చిందనే కథ చెప్తుంది. రామలక్ష్మణులు రాత్రిపూట వచ్చి తానీషాకి ఆరు లక్షల మొహరీలు కట్టారు. కట్టి రసీదు తీసుకున్నారు. కథ చెప్పేవాళ్ళెవరూ ఆ రసీదుని మర్చిపోరు.